పిడికిట్లోకి రాని జుట్టు

ఆదివారం పొద్దున్న టైలరుకి తన పెద్ద కత్తెర కనబడకపోతే ఇల్లంతా వెతకాల్సిన పని లేదు. స్నానాల గది తలుపు మూసి ఉంటుంది. లోపల భార్య అద్దం ముందు నిలబడి తన జుట్టు తనే కత్తిరించుకుంటూ ఉంటుంది.

"అది గుడ్డ కోసే కత్తెర! జుట్టు మీద పెడితే పదును చచ్చిపోతుంది," అని బయటినించి అరుస్తాడు.

"పదును పోతే సాన పట్టించుకో. నా తల పోతే ఏం పట్టించుకుంటావు?" అని లోపలినించి జవాబొస్తుంది.

ఇంట్లో మొగుణ్ణి ఆమె నువ్వనే అంటుంది. వదినగారు వింటుంటే మాత్రం నోరు సవరించుకుని మీరంటుంది. పనిలో ఎవర్నీ ఏమీ అనదు, ఊరికే చూస్తుంది. ఆడవాళ్ళ జైల్లో వార్డరుగా పదకొండేళ్ళ సర్వీసు. లోపలున్న నూట నలభై మందికీ ఆమె అసలు పేరుతో పనిలేదు. క్రాపు మేడం అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ముందరే అనడం మొదలెట్టారు, ఇప్పుడు హాజరు పట్టీ తెచ్చే గుమాస్తా కూడా అదే అంటున్నాడు.

ఆ క్రాపు అందం కోసం కాదు. దానికో కొలత ఉంది. తడి జుట్టు దువ్వి, వేళ్ళ మధ్య పట్టి, వేళ్ళ పైకి వచ్చినంతా కోసేస్తుంది. తర్వాత ఎడమచేత్తో పిడికిలి బిగించి లాగి చూస్తుంది. పిడికిట్లో నిలిస్తే పొడుగున్నట్టు, జారిపోతే సరిపోయినట్టు. నుదురు, చెవుల పైన, నడినెత్తి, అన్నీ అలాగే చూసుకుని ఆఖరికి మెడ మీదకొస్తుంది. అక్కడే తంటా. వెనక్కి చూడాలంటే రెండో అద్దం కావాలి. ఒక అద్దంలో కుడి ఎడమవుతుంది. రెండద్దాలు ఎదురెదురుగా పెడితే కుడి మళ్ళీ కుడే అవుతుంది. కానీ ఒక అద్దానికి అలవాటుపడ్డ చెయ్యి ఆ సంగతి ఒప్పుకోదు, ఎటు పొమ్మంటే దానికి రెండోవైపు పోతుంది. అందుకే మెడ దగ్గర ఎప్పుడూ రెండుమూడు కుచ్చులు మిగిలిపోయేవి. రెండు వారాలకోసారి కత్తిరింపు. వానొచ్చినా వరదొచ్చినా అది మాత్రం తప్పదు.

ఒకప్పుడు ఆమెకి నడుము దాటిన జడ ఉండేది. డ్యూటీలో దాన్ని ముడిచుట్టి, వల బిగించి, పైన టోపీ పెట్టేది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక పొద్దున్న కుళాయిల దగ్గర గొడవైంది. లోపల దూలం అనే యావజ్జీవ ఖైదీ ఒకావిడ ఉంది. మనిషి అడ్డంగా నిలబడితే గుమ్మం మూసుకుపోతుంది, అందుకే ఆ పేరు. ముందు నాది అంటే నాది అని బకెట్ కోసం మాటా మాటా పెరిగింది. దూలం ఆ బకెట్టే ఎత్తి దాని అంచుతో ఎదుటిదాని మూతి మీద కొట్టింది. రెండు పళ్ళు కాలవలో పడి కొట్టుకుపోయాయి. వార్డరు లాఠీ అడ్డం పెట్టి ఇద్దరి మధ్యకీ దూరింది. దూలం చేతికి లాఠీ అందలేదు, ముడి అందింది. వల తెగింది. జడని మణికట్టుకి మూడు చుట్లు, పడవ తాడు గుంజకి చుట్టినట్టు చుట్టేసింది.

అప్పుడు వార్డరు ఎవరైనా చేసే పనే చేసింది. వదిలించుకోడానికి వెనక్కి లాక్కుంది. ఆమె బరువంతా ఆ జుట్టుకే వేలాడింది. దూలం తాపీగా తిప్పి, కుళాయి గట్టు అంచుకేసి ఆమె తల కొట్టింది. ఒకసారి. రెండోసారి. మూడోసారి చప్పుడు మారింది. బట్ట చిరిగిన చప్పుడు. ఎడమ చెవి వెనకాల అరచెయ్యంత మేర జుట్టు తోలుతో సహా ఊడి వచ్చేసింది. నొప్పి ఆమెకి సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నదల్లా దూలం మొహం. ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి వెళ్ళిపోయినట్టు, చేతిలోని ఆ జుట్టుని చూస్తూ నిలబడిపోయింది.

పదిహేడు కుట్లు పడ్డాయి. మిగిలిన జుట్టంతా నర్సు గొరిగేసింది. మూడో రోజు హెడ్డమ్మ ఆస్పత్రికి వచ్చింది. హెడ్డమ్మ అంటే వార్డర్లందరి మీదా పెద్ద. మోకాళ్ళ నొప్పులు, వెటకారం సమపాళ్ళలో ఉన్న మనిషి.

"వెనక్కి లాక్కున్నావు కదూ?" అంది మంచం మీద కూర్చుంటూ.

"మరేం చెయ్యను?"

"అందరూ అదే చేస్తారు. అందుకే అందరి జుట్టూ ఊడుతుంది. ఒసేయ్ పిల్లా, విను. ఆడవాళ్ళ జైల్లో కొట్లాట ఎక్కడ మొదలెట్టినా జుట్టు దగ్గరికే వస్తుంది. పట్టుకున్న చేతిని వదిలించుకోకు. రెండు చేతులతో నీ తలకే అదిమి పెట్టు. ఇక ఆ చెయ్యి వాళ్ళది కాదు, నీది. అప్పుడు నడుం దగ్గర్నించి వంగు. మణికట్టు ఎటు వంగదో అటే వంగాల్సి వస్తుంది. వంగి తిరుగు. కింద పడ్డదాని వీపు మీద మోకాలు పెట్టు. అంతే."

కుట్లు మానాక డ్యూటీ గదిలో ఎనిమిది నెలలు సాధన చేయించింది. అంట్లు తోముతుంటే పట్టుకునేది. సంతకం పెడుతుంటే పట్టుకునేది. "ఆలోచన వచ్చేసరికి పని అయిపోవాలి. తలకి తెలిసేలోపు చేతులకి తెలియాలి," అనేది. చివరికి అలాగే అయింది. తర్వాతి ఏళ్ళలో ఏడుసార్లు ఆ విద్య పనికొచ్చింది. నాలుగు మణికట్లు విరిగాయి. ఒక్కదానికీ ఆమె అన్నం మానేసి కూర్చోలేదు.

ఒకసారి, ఊరికే సరదా పుట్టి, బ్యూటీ పార్లరుకి వెళ్ళింది. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ చుట్టి, ఆ అమ్మాయి వెనకనించి జుట్టు గుప్పిట పట్టింది. మరుక్షణం దువ్వెనల పళ్ళెం గాల్లో ఉంది, ఆ అమ్మాయి నేల మీద ఉంది. చెయ్యి బెణికింది కాబట్టి సరిపోయింది. ఆరోజునించీ ఇంట్లోనే, తన కత్తిరింపు తనదే. ఇంట్లోవాళ్ళకి కూడా ఒక నియమం పెట్టింది. ఆమె వెనకనించి ఎవరూ రాకూడదు. రావాలంటే చప్పుడు చేస్తూ రావాలి. టైలరు ఏదో కూనిరాగం తీస్తూ వచ్చేవాడు.

కూతురికి ఆరేళ్ళు. ఒక చోట నిలవదు కాబట్టి అందరూ పిచ్చుక అనేవాళ్ళు. దానికి రెండు జడలు వేసేది తండ్రే. ఆయన వేసే జడలు కుట్టుమిషన్ కుట్టులా వరస తప్పేవి కావు.

ఆ ఆదివారం ఉక్కగా ఉందని ఆమె తలుపు తెరిచే ఉంచింది. పిచ్చుక బోర్లించిన టబ్బు మీద కూర్చుని అజమాయిషీ చేస్తోంది.

"ఇంకొంచెం ఇటు. ఇటు కాదమ్మా, ఇటు!"

"ఇటు అంటే ఎటే? కుడా, ఎడమా?"

"నా వైపు."

"నోరు మూసుకుని కూర్చో. లేకపోతే నీకూ చేస్తాను క్రాపు."

పిల్ల కిచకిచమని నవ్వింది. ఆమె అద్దం వైపు తిరిగి, తల వంచి, మెడ మీదకి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి మళ్ళీ తప్పు వైపు పోయింది. అక్కడ ఒక కుచ్చు మిగిలింది. పిల్ల ఆమె వెనకాల టబ్బు మీద లేచి నిలబడింది.

"అమ్మా, ఇక్కడో తోక మిగిలింది," అంది.

నియమం తప్పలేదు, చెప్పే వచ్చింది. కాకపోతే చెబుతూనే పట్టుకుంది. మాటా చెయ్యీ ఒకేసారి వచ్చాయి.

ఆమె రెండు చేతులూ మెడ మీదకి లేచాయి. కత్తెర కుడిచేతి వేళ్ళకి ఉండగానే లేచాయి. ఆ చిన్న చేతిని తలకి అదిమాయి. ఆమె వంగింది. పిల్ల టబ్బు మీదనించి లేచి ఆమె వీపు మీదుగా ముందుకి వచ్చేసింది. పచ్చి కొమ్మ విరిస్తే పెద్ద చప్పుడు రాదు, లోపల నారలు తెగుతున్న చప్పుడు వస్తుంది. అలాంటి చప్పుడే వచ్చింది. కత్తెర మొన పిల్ల మోచేతి కిందనించి మణికట్టు దాకా గీత గీసుకుంటూ పోయింది. అంతటితో ఆగలేదు. నేర్చుకున్న పాఠంలో ఇంకా సగం మిగిలే ఉంది. ఆమె తిరిగింది. పిల్ల మొహం తడి పలకల మీద ఉండగా వీపు మీద మోకాలు పెట్టింది.

ఆ వీపు ఎంత చిన్నదో ముందు మోకాలికి తెలిసింది. తర్వాత కళ్ళకి రెండు జడలు కనపడ్డాయి.

పిచ్చుక అప్పటికింకా ఏడవలేదు. ఊపిరి అందితే కదా.

టైలరు చెవి మీద సుద్దముక్కతో పరిగెత్తుకొచ్చాడు. చీమకైనా అపకారం చెయ్యని మనిషి, భార్య డొక్కలో తన్నాడు. ఆమె గోడకి కొట్టుకుని పక్కకి పడింది. మళ్ళీ తన్నాడు. ఆమె అడ్డు పెట్టుకోలేదు. అప్పుడు పిల్ల ఊపిరి తీసుకుంది. తీసుకున్న ఊపిరంతా ఒకే కేకగా బయటికొచ్చింది.

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఫిల్మ్‌ని వెలుగుకి పెట్టి చూశాడు. "కోత పైపైదే. రెండెముకలూ వంగి విరిగాయి. ఈ వయసులో పూర్తిగా తెగవు, అతుక్కుంటాయి. ఐదు వారాలు కట్టు ఉండాలి."

"ఎముక ఎదిగే చోట దెబ్బ తగిలిందా?" అని అడిగింది ఆమె.

"లేదు, పైన విరిగింది. చెయ్యి పొట్టిదైపోదు, భయపడకండి. ఎలా జరిగింది?"

"టబ్బు మీదనించి పడింది," అన్నాడు టైలరు.

"నేను విరిచాను," అంది ఆమె.

డాక్టరు పెన్ను ఆగింది. "ఆటలోనా?"

"కాదు."

కాసేపటికి పిల్లల సంక్షేమ శాఖనించి ఒక పెద్దావిడ వచ్చి పిల్లని వేరే గదిలోకి తీసుకెళ్ళి మాట్లాడింది. తలుపు సందులోంచి పిచ్చుక గొంతు వినపడింది. "అమ్మ నన్ను దొంగ అనుకుంది," అని చెబుతోంది. పెద్దావిడ ఏవో కాయితాలు రాసుకుంది. బిడ్డ కొన్నాళ్ళు తల్లి దగ్గర ఒంటరిగా ఉండకూడదని చెప్పింది. ఆ మాట ఆవిడ చెప్పక్కర్లేదు, టైలరు అప్పటికే నిశ్చయించుకున్నాడు.

పిల్లని రెండు వీధుల అవతల ఉన్న తన అక్క ఇంట్లో దింపాడు. తనూ రాత్రిళ్ళు అక్కడే. పగలు వచ్చి మిషను తొక్కుకునేవాడు. వెళ్ళేటప్పుడు కత్తెర కడిగి, గుడ్డలో చుట్టి, సంచిలో వేసుకున్నాడు.

"తన్నాను. తప్పే," అన్నాడు గుమ్మంలో నిలబడి. "నీ మీద కోపం లేదు. నీ చేతులంటే భయం. అవి నీ మాట వినే రోజు వస్తే చెప్పు, పిల్లని తీసుకొస్తాను."

"ఎలా తెలుస్తుంది?"

"బట్టలు కుట్టేవాణ్ణి, నన్నడుగుతావేంటి? నేర్పినవాళ్ళని అడుగు."

మర్నాడు హెడ్డమ్మ అంతా విని చాలాసేపు మోకాళ్ళు రుద్దుకుంది.

"నేర్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. మరిపించడానికి ఎంత పడుతుందో నాకేం తెలుసే? ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. మర్చిపోతే లోపల నీ గతేంటి?"

"మర్చిపోకపోతే పిల్ల ఇంటికి రాదు హెడ్డమ్మా."

హెడ్డమ్మ తలుపు గడియ పెట్టింది. "కూర్చో. చేతులు తొడల కింద పెట్టుకో. నేను పట్టుకుంటాను. నువ్వేం చెయ్యకూడదు. ఇంకో మాట, జుట్టు కత్తిరించకు. పట్టు దొరక్కపోతే నేనేం పట్టుకోను, నీ గుండా?"

మొదటి రోజు, మెడ మీద మిగిలిన ఆ తోక పట్టుకున్న హెడ్డమ్మ బల్ల మీదుగా అవతలకి పోయి పడింది. కళ్ళజోడు రెండు ముక్కలైంది. రెండో రోజు హెడ్డమ్మ డొక్కలో మోచెయ్యి దిగింది. "రిటైరయ్యేదాకా ఉంచేలా లేవు," అని దగ్గుతూ లేచింది. మూడో రోజు తన బెల్టు తీసి కుర్చీకి ఆమె చేతులు కట్టేసింది. కుర్చీ కాలు విరిగింది కానీ చేతులు లేవలేదు. రెండు వారాలకి బెల్టు అక్కర్లేకుండా పోయింది. చేతులు లేచేవి, చెవుల దాకా వచ్చి ఆగేవి, మెల్లగా కిందకి దిగేవి. అలా దిగడానికి ఒళ్ళంతా చెమటలు పట్టేవి.

"ఇప్పుడు?" అనేది ఆమె.

"నేను పట్టుకుంటానని నీకు తెలుసు కాబట్టి ఆగుతున్నాయి. తెలియకుండా పట్టుకున్నప్పుడు కదా లెక్క," అనేది హెడ్డమ్మ. "మొక్కగా ఉన్నప్పుడు నేనే వంచాను, ఇప్పుడు మానై కూర్చున్నావు."

సాయంత్రాలు ఆమె వదిన ఇంటి మెట్టు మీద కూర్చునేది. లోపలికి వెళ్ళేది కాదు.

"రా మరదలా, వీధిలో కూర్చోవడమేంటి?" అనేది వదిన.

"ఇక్కడ బాగానే ఉంది వదినా. మీ తమ్ముడు భోంచేశారా?"

"తింటున్నాడు. నువ్వు చిక్కిపోయావు. అదీ..." అని వదిన గొంతు తగ్గించేది. "నువ్వొచ్చావంటే అది చెయ్యి దాచుకుంటోంది. చిన్నపిల్ల, ఏమనుకోకు."

కిటికీలోంచి చూస్తే పిచ్చుక నిజంగానే కట్టు ఉన్న చేతిని దుప్పటి కిందకి తోసుకునేది.

ఐదో వారం వచ్చింది. జుట్టు చెవుల మీదకి దిగింది, నెత్తిన పిడికిలి నిండా దొరుకుతోంది. దూలం వరసలో నిలబడి, "మేడం, మళ్ళీ జడేస్తావా ఏంటి? నా చేతులు దురద పెడుతున్నాయి," అంటే చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వీపు గోడకి ఆనించుకుంది.

ఆరోజు మధ్యాహ్నం తలలు లెక్కపెట్టే వేళ మూడో గదిలోంచి గావుకేక వినిపించింది. నాలుగు రోజుల కింద వచ్చిన కొత్తది, చీపురుపుల్లలా ఉండే మనిషి, ఫ్యాను కింద పక్క తనదని ఒక ముసలామెతో తగువు పడింది. ముసలామె మెడకి తువ్వాలు బిగించి, వెనక మోకాలు ఆనించి లాగుతోంది. ముసలామె కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చాయి. కాళ్ళు నేలని తన్నుకుంటున్నాయి. చూసేవాళ్ళు చూస్తున్నారు.

క్రాపు మేడం ఒక్క దూకులో లోపలికి వెళ్ళింది. తువ్వాలు లాగలేదు, లాగితే ఇంకా బిగుస్తుంది. కొత్తదాని చిటికెన వేలు దొరకబుచ్చుకుని వెనక్కి వంచింది. తర్వాత దాని పక్కది. తువ్వాలు వదులైంది. ముసలామెని గుమ్మం వైపు తోసింది. తోస్తున్నప్పుడు వీపు తిరిగింది.

కొత్తది రెండు చేతులతో ఆమె జుట్టు పట్టుకుంది.

ఇది హెడ్డమ్మ చెయ్యి కాదు. చెప్పి పట్టుకున్నదీ కాదు. క్రాపు మేడం చేతులు లేచాయి. చెవుల దాకా వచ్చాయి. ఆగాయి. ఆమె తలలో ఏ ఆలోచనా లేదు, ఆగాలని కూడా లేదు. చేతులు వాటంతటవే కిందకి దిగి తొడల పక్కన వేలాడాయి.

కొత్తది ఆమె మొహాన్ని ఊచల తలుపుకేసి కొట్టింది. ముక్కులో ఏదో నలిగిన చప్పుడు. మళ్ళీ కొట్టింది. ముందరి పన్ను నాలుక మీదకి వచ్చి పడింది. మూడోసారికి కనుబొమ చిట్లి కన్ను ఎర్రగా నిండిపోయింది. నాలుగోసారి తల వెనక్కి పోయింది కానీ ముందుకి రాలేదు. దూలం వచ్చి కొత్తదాన్ని నడుం దగ్గర పట్టి, మూట ఎత్తినట్టు ఎత్తి, అవతలి గోడకి విసిరేసింది.

"దాని జుట్టు పట్టుకోవాలంటే ముందు నన్నడగాలే!" అని కొత్తదాని నోటి మీద ఒకటిచ్చింది. తర్వాత వంగి చూసింది. "ఏంటి మేడం, చేతులు ఎక్కడన్నా పెట్టి మర్చిపోయావా?"

క్రాపు మేడం నేల మీద కూర్చుని ఉంది. ముక్కులోంచి, నోట్లోంచి రక్తం చొక్కా మీదకి కారుతోంది. ఆమె తన అరచేతుల వైపు చూసుకుంది. తర్వాత నవ్వింది. పన్ను లేని సందులోంచి రక్తం బుడగలై వచ్చింది.

"లేవలేదు. చూశావా? చెవుల దాకా వచ్చి దిగిపోయాయి. నువ్వు చూశావు కదూ? అవి దిగడం చూశావు కదూ?"

దూలం లేచి నిలబడి అందరి వైపూ తిరిగింది. "తల అదిరింది. పిచ్చెక్కింది. హెడ్డమ్మని పిలవండర్రా!"

కుట్లు వేయించాక హెడ్డమ్మ ఆమెని డ్యూటీ గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. బయట కొత్తదాన్ని ఒంటరి గదికి ఈడ్చుకుపోతున్న చప్పుడు, అది అరుస్తున్న బూతులు వినపడుతున్నాయి.

"దాని చేతిలో చెంచా ముక్క ఉంటే నీ కన్ను పోయేది."

"తెలుసు."

"ఇంకో రెండు దెబ్బలైతే ప్రాణమే పోయేది."

"తెలుసు హెడ్డమ్మా."

"రేపట్నించి నిన్ను లోపలికి పంపను. మెయిన్ గేటు దగ్గర కూర్చుని తాళాలు తియ్యి, వెయ్యి."

"శిక్షా?"

"శిక్షో మెప్పో నాకే తెలియదు. చేతులు లేవని మనిషి లోపలికి పోకూడదు, అంతే. ఇంటికి పో."

ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా వదిన ఇంటికి వెళ్ళింది. వాకిట్లో పిల్లలు ఆట ఆపేసి దారిచ్చారు. తలుపు టైలరే తీశాడు. ఆమె ముక్కుకి కట్టు, కనుబొమ మీద తొమ్మిది కుట్లు, వాచిపోయిన పెదవి. అతని నోరు తెరుచుకుంది.

"ఎవరు?"

"ఎవరైతేనేం. వెనకనించి పట్టుకుంది. చెప్పకుండా. నా చేతులు లేవలేదు."

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయాడు. వెనకనించి వదిన, "అయ్యో, ఇదేం అవతారమే తల్లీ," అంటూ వచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టైలరు పక్కకి జరిగాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆమె ఆ గడప దాటింది.

పిచ్చుక నేల మీద బోర్లా పడుకుని, ఎడమచేత్తో రంగులు వేస్తోంది. తల్లిని చూడగానే కట్టు ఉన్న చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఆమె దగ్గరకి వెళ్ళలేదు. గదికి ఈ చివర, గోడకి ఎడంగా, నేల మీద చతికిలబడింది.

"నీ ముక్కేమైంది?" అంది పిచ్చుక.

"లోపల ఒకావిడ జుట్టు పట్టుకుని తలుపుకేసి కొట్టింది."

"నువ్వు ఆవిడ చెయ్యి విరిచేశావా?"

"లేదు."

"ఎందుకు?"

"ఊరుకున్నాను."

పిల్ల రంగు పెన్సిల్ కింద పెట్టింది.

"ఆవిడనైతే వదిలేశావు," అంది. "ఆవిడ నిన్ను కొట్టినా వదిలేశావు. నేను తోక చూపించానంతే. నా చెయ్యే విరిచావు."

జైల్లో ఉండగా, దారిలో వస్తూ, గుమ్మం దగ్గర, ఎక్కడా ఆ ప్రశ్న ఆమెకి తట్టలేదు. చేతులు లేవలేదన్న సంతోషమే నిండిపోయింది.

పిచ్చుక లేచింది. గది దాటి వచ్చి తల్లి వెనక్కి వెళ్ళింది. ఎడమచేత్తో, ఆరేళ్ళ పిల్లకి ఎంత పట్టు ఉంటుందో అంత పట్టూ బిగించి, జుట్టు పట్టుకుని లాగింది. ఆమె తల వెనక్కి వాలింది. ముక్కు లోపలినించి మళ్ళీ వెచ్చగా కారింది. పిల్ల కాలు తల్లి వీపుకి తన్నిపెట్టి మరీ లాగింది. "నువ్వే కదా! నువ్వే కదా!" అంటోంది, ఏడుస్తోంది. వదిన ముందుకి రాబోతే టైలరు చెయ్యి అడ్డం పెట్టాడు. అతను పిల్లని చూడడం లేదు, భార్య చేతులు చూస్తున్నాడు. రెండు అరచేతులూ నేలకి ఆని ఉన్నాయి. గోళ్ళు తెల్లబడ్డాయి. లేవలేదు.

కొన్ని వెంట్రుకలు పిల్ల పిడికిట్లోకి ఊడి వచ్చాయి. అది వాటిని చూసి దులిపేసుకుని, మోచేత్తో ముక్కు తుడుచుకుంది.

"చాలమ్మా. ఇక వదిలెయ్," అన్నాడు టైలరు.

"ఇటువైపు ఇంకా లాగలేదు," అంది పిచ్చుక.

కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి చెయ్యి మార్చడానికి లేదు. తనే తల్లి చుట్టూ తిరిగి అటువైపుకి వచ్చి నిలబడింది. ఆమె దానికి అందేలా తల వంచింది.